పనామా టోపీ: నాణ్యతను కొలిచేదెవరు, దేనితో?

పనామా టోపీ కొనాలనుకునేవారికి ధర కంటే ముందు అంకెలు ఎదురవుతాయి. ఒక వ్యాపారి తన టోపీ 8వ గ్రేడు అంటాడు. ఇంకొకరు 20వ గ్రేడు అంటారు. మూడో దుకాణంలో చదరపు అంగుళానికి ఇన్ని అల్లికలని చీటీ మీద రాసి ఉంటుంది. ఇవి చాలవన్నట్టు ‘ఫీనో’, ‘సూపర్‌ఫీనో’, ‘అల్ట్రాఫీనో’ అనే ముద్రలు. తీరా రెండు టోపీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే 8వ గ్రేడుదే 20వ గ్రేడు దానికంటే సన్నగా, నిండుగా కనిపించవచ్చు. వ్యాపారులందరూ ఒప్పుకున్న కొలబద్ద ఒకటంటూ లేదు.

ఈ గందరగోళం వల్ల నష్టపోయేది కొనేవారొక్కరే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. ఈక్వడార్ పల్లెల్లో ఆ టోపీ అల్లిన మనిషి చేతికొచ్చే డబ్బు కూడా ఎవరో వేసిన గ్రేడు మీదే ఆధారపడుతుంది. పైకి అభిరుచికి సంబంధించినదిగా కనిపించే ప్రశ్నలో బతుకుతెరువు ఇమిడి ఉంది. నాణ్యతను ఎలా తేల్చాలన్న విషయంలో ఇప్పటివరకు ఎవరెవరు ఏమన్నారు, ఎవరి వాదంలో బలమెంత, లోటెంత అన్నది కూడగట్టి చూడవలసిన అవసరం అందుకే ఉంది.

టోపీ ఎలా పుడుతుంది

ఏ కొలత దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో తెలియాలంటే ముందు తయారీ తెలియాలి. టోకియా అని ఈక్వడార్‌లో పిలిచే మొక్క శాస్త్రీయ నామం కార్లుడోవికా పాల్మేటా. చూపుకు తాటి జాతిలా ఉంటుంది గానీ ఆ కుటుంబానికి చెందదు. తీర ప్రాంతపు తేమ నేలల్లో పెరుగుతుంది. ఆకు విప్పుకోకముందే, మొవ్వుగా ఉన్నప్పుడే కోస్తారు. ముతక ఈనెలు తీసేసి, మెత్తటి భాగాన్ని సన్నగా చీల్చి, మరిగే నీళ్లలో కొద్దిసేపు ఉడికించి ఆరబెడతారు. ఆరుతున్నప్పుడు ప్రతి చీలిక అంచులు లోపలికి ముడుచుకుని, చదునైన ఆకు కాస్తా గుండ్రటి పోగు అవుతుంది. తర్వాత గంధకం పొగ పట్టి రంగు తేల్చుతారు.

అల్లిక నెత్తి మధ్యలో మొదలవుతుంది. అక్కడి నుంచి బయటికి విస్తరించి, గోడలా కిందికి దిగి, చివరికి అంచుగా పరుచుకుంటుంది. మనబీ రాష్ట్రంలోని మొంటెక్రిస్టి, దాని దగ్గరి పిలే గ్రామం సన్నటి పనికి పేరుపడ్డాయి. అక్కడ అల్లేవారు ఎత్తుగా నిలబెట్టిన చెక్క దిమ్మకు ఛాతీ ఆనించి, ముందుకు వంగి పనిచేస్తారు. ఎండెక్కితే పోగు పెళుసుబారుతుంది, వేళ్లకు చెమట పడుతుంది. కాబట్టి తెల్లవారుజామున, పొద్దు వాలాక, మబ్బు పట్టిన రోజుల్లో పని సాగుతుంది. దక్షిణాన కొండల్లో ఉన్న కుయెంకా, దాని చుట్టుపక్కల ఉన్న సీగ్‌సీగ్, బిబ్లియాన్ వంటి ఊళ్లలో తీరు వేరు. అక్కడ ఎక్కువగా ఆడవాళ్లు, చాలాసార్లు నడుస్తూనో, కబుర్లు చెప్పుకుంటూనో, బజారులో కూర్చునో అల్లుతారు. సంఖ్యలో చూస్తే లోకానికి చేరే టోపీల్లో అధిక భాగం ఈ కొండ ప్రాంతానివే.

ఒక్క టోపీకి పట్టే కాలం నాణ్యతను బట్టి ఒక రోజు నుంచి ఎనిమిది నెలల దాకా ఉంటుందని యునెస్కో నమోదు చెబుతోంది. ఒకే పేరుతో అమ్ముడయ్యే వస్తువుల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు వాటిని వర్గీకరించే పద్ధతి లేకుండా వ్యాపారం నడవదు. పేచీ అంతా ఆ పద్ధతి గురించే.

వివాదానికి పూర్వరంగం

19వ శతాబ్దంలో ఈ టోపీలు గ్వయాకిల్ రేవు నుంచి పనామా భూసంధికి చేరి అక్కడి నుంచి అమెరికాకూ యూరప్‌కూ వెళ్లేవి. 1849 తర్వాత కాలిఫోర్నియా బంగారం కోసం ఆ దారిన పరుగెత్తినవారు ఎండకు తాళలేక వాటిని కొన్నారు. కొన్న చోటి పేరే టోపీకి స్థిరపడింది. 1855 పారిస్ ప్రదర్శనలో ఒక సన్నటి టోపీ మూడో నెపోలియన్ చక్రవర్తికి చేరింది. 1906లో పనామా కాలువ పనులు చూడటానికి వెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ టోపీతో ఫొటోల్లో కనిపించాక గిరాకీ ఇంకా పెరిగింది. మొంటెక్రిస్టిలో పుట్టి ఈక్వడార్ అధ్యక్షుడైన ఎలోయ్ అల్ఫారో తండ్రి టోపీల ఎగుమతిదారు. ఆ వ్యాపారపు సొమ్ము అల్ఫారో నడిపిన ఉదారవాద విప్లవానికి తోడ్పడింది. 1940ల నడుమ దేశం ఎగుమతుల్లో టోపీలు ముందు వరసలో ఉన్నాయి. ఆ తర్వాత మగవాళ్లు టోపీ పెట్టుకోవడమే తగ్గిపోయి గిరాకీ పడిపోయింది.

మన చర్చకు కావలసింది ఈ చరిత్రలోని ఒక లక్షణం. అల్లే ఊరికీ అమ్ముడయ్యే నగరానికీ మధ్య చేతులు చాలా మారేవి. ఊరి దళారి, పట్టణంలోని ఎగుమతిదారు, విదేశీ దిగుమతిదారు, టోపీకి ఆకారం తెచ్చే దుకాణదారు. ఎవరికి వారు తమ సరుకును తమ అవసరం కొద్దీ వర్గీకరించుకున్నారు. టామ్ మిల్లర్ 1986లో వెలువరించిన ‘ది పనామా హ్యాట్ ట్రెయిల్’ ఆ గొలుసును మొక్క దగ్గర నుంచి అమెరికా దుకాణం దాకా వెంబడించి, ధర ఏ మెట్టు మీద ఎలా పెరుగుతుందో చూపింది. గ్రేడులు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. అవి ఎవరికి వారి ఖాతా పుస్తకాల్లో పుట్టినవి. కొనేవారికి చూపడానికి ఉద్దేశించినవి కావు.

వలయాలు లెక్కపెట్టేవారు

పాత పద్ధతి వలయాల లెక్క. నెత్తి మధ్య నుంచి అల్లిక విస్తరించేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది. కొత్త పోగులు చేరుస్తూ పోవాలి. అలా చేర్చిన చోట్లు టోపీని వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా కనిపిస్తాయి. వీటిని స్పానిష్‌లో వుయెల్టాలు అంటారు. సన్నటి పోగుతో, దగ్గరగా అల్లితే వలయాలు ఎక్కువ పడతాయన్నది ఈ పద్ధతికి ఆధారం. పరికరం అక్కర్లేదు, భూతద్దం అక్కర్లేదు, కిటికీ వెలుతురు చాలు. తరాల తరబడి సంతల్లో ఇదే నడిచింది.

లోటు కూడా ఆ సులువులోనే ఉంది. ఎంత దూరానికి ఒకసారి పోగులు చేర్చాలన్నది కొంతవరకు అల్లేవారి ఇష్టం. ఒకే సన్నదనం ఉన్న రెండు టోపీల్లో ఒకదానికి ఎక్కువ వలయాలు, ఇంకొకదానికి తక్కువ వలయాలు ఉండవచ్చు. వలయాల సంఖ్యకే ధర కడితే వలయాలు పెంచడం నేర్చుకుంటారు. అది మనిషి సహజం. పైగా ఈ లెక్క నెత్తికే పరిమితం. మనిషి కంటికి ముందు కనబడేదీ, అల్లడానికి ఎక్కువ కాలం తీసుకునేదీ అయిన అంచు గురించి వలయాలు ఏమీ చెప్పవు.

కుయెంకా ఎగుమతిదారుల గ్రేడులు కొంత ఈ లెక్క మీద, కొంత అనుభవం మీద నిలిచినవి. ఒకే సంస్థలో ఒకే చేయి వేసిన గ్రేడులను పోల్చుకోవచ్చు. ఆ పరిధిలో అవి ఉపయోగకరమే. సంస్థ మారితే ఆ అంకెకు అర్థం మారిపోతుంది. అలాంటి అంకెను ఊరూ పేరూ చెప్పకుండా చీటీ మీద ముద్రించి అమ్మడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే. ఈ మాట మెత్తగా చెప్పవలసిన అవసరం లేదు.

అంగుళంలో ఎన్ని?

గ్రేడుల మీద అసంతృప్తి నుంచి పుట్టింది రెండో పక్షం. హవాయీ కేంద్రంగా మొంటెక్రిస్టి టోపీలు అమ్మిన బ్రెంట్ బ్లాక్ ఈ పక్షానికి ప్రధాన ప్రచారకుడు. ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక అంగుళం పొడవున అడ్డంగా ఎన్ని అల్లికలున్నాయి, నిలువుగా ఎన్నున్నాయి అని లెక్కించి, రెండింటినీ గుణిస్తే చదరపు అంగుళానికి ఎన్నో తేలుతుంది. దీనికి ‘మొంటెక్రిస్టి క్వెంటా’ అని పేరు పెట్టారు. స్పానిష్‌లో క్వెంటా అంటే లెక్క.

ఈ పద్ధతి గొప్పతనం ఏమిటంటే ఎవరైనా తిరిగి లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. స్కేలు, భూతద్దం ఉంటే చాలు. అమ్మేవాడి మాట మీద ఆధారపడవలసిన పని తగ్గింది. పిలేకు చెందిన సిమోన్ ఎస్పినాల్ నైపుణ్యం లోకానికి తెలియడంలో కూడా ఈ లెక్క పాత్ర ఉంది. ఆయన టోపీల్లో అత్యంత సన్నదానికి చదరపు అంగుళంలో 4,200కు పైగా అల్లికలున్నాయనీ, అయిదు నెలలు పట్టిందనీ పత్రికలు రాశాయి. అంటే అంగుళానికి ఇటు 65, అటు 65 చొప్పున. ఒక్కో అల్లికకు దక్కే చోటు 0.4 మిల్లీమీటరు కంటే తక్కువ. ‘చాలా సన్నగా ఉంది’ అన్న మాట ఆ పనికి ఎంత మాత్రం సరిపోదో ఈ అంకె చెబుతుంది. చేతిపని గొప్పతనాన్ని లెక్క ఇలా నిలబెట్టిన సందర్భాలు అరుదు.

అయితే గుణకారంతో వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. వాటిని ఈ పక్షం వారు తగినంతగా చర్చించలేదు. అంగుళానికి 20 చొప్పున ఉన్న టోపీ లెక్క 400. అంగుళానికి 40 చొప్పున ఉంటే 1,600. పోగు సన్నదనం రెట్టింపైతే అంకె నాలుగింతలవుతుంది. చదివేవారికి నాలుగింతలు మేలైనదన్న భావన కలుగుతుంది. అలాగే లెక్కలో ఒక్క అల్లిక అటూ ఇటూ అయినా తేడా పెద్దదే. రెండు వైపులా 40కి బదులు 41 చదివితే 1,600 కాస్తా 1,681 అవుతుంది. అంత సన్నటి పనిలో ఒక్కటి తప్పకుండా లెక్కించడం అనుభవజ్ఞులకూ కష్టమే. ఇంకొకటి: 30ని 30తో గుణించినా 900, 36ని 25తో గుణించినా 900. మొదటిదాని గడులు సమచతురస్రాలు, రెండోదాని గడులు సాగినవి. కంటికి రెండూ ఒకటిగా కనబడవు, అంకె మాత్రం ఒకటే.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఎక్కడ లెక్కించాలన్నది. అల్లిక నెత్తి దగ్గర ఒకలా, గోడ దగ్గర ఒకలా, అంచులో ఒకలా ఉండే అవకాశం ఉంది. దట్టంగా ఉన్న చోట స్కేలు పెట్టి ఆ అంకెనే టోపీ మొత్తానికి అంటగట్టవచ్చు. ఎన్ని చోట్ల కొలిచి సగటు తీశారన్నది చెప్పకుండా ఇచ్చే అంకె పాత గ్రేడు కంటే ఏ మాత్రం నయం కాదు. దానికి శాస్త్రీయత రంగు కూడా తోడవుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ అపాయం.

అల్లిక రకం మరో చిక్కు. కుయెంకా ప్రాంతంలో బ్రీసా అనే అల్లిక చిన్న చిన్న వజ్రపు గడుల్లా కనబడుతుంది, తేలిగ్గా ఉంటుంది. కుయెంకా పేరుతోనే పిలిచే ఇంకో అల్లిక చేప ముల్లులా ఏటవాలు వరసల్లో సాగుతుంది. మొంటెక్రిస్టి సన్నపనిలో కనిపించేదీ ఈ చేప ముల్లు తీరే. వేరు వేరు అల్లికల్లో ఒక గడి అంటే ఏమిటో వేరు. వాటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

సమతే ముఖ్యమనేవారు

అల్లేవారూ, ఏళ్ల తరబడి టోపీలు చేత్తో పట్టి చూసినవారూ ముందు చూసేది ఎంత సన్నగా ఉందన్నది కాదు, ఎంత సమంగా ఉందన్నది. టోపీని వెలుతురుకు పట్టి లోపలి నుంచి చూస్తే చాలా విషయాలు బయటపడతాయి. వరసలు నిటారుగా సాగాయా, ఎక్కడైనా వంకరపోయాయా? వెలుతురు చుక్కలు ఒకే పరిమాణంలో ఉన్నాయా? పోగు తెగితే మళ్లీ అందించిన చోటు దాగిందా, కనిపిస్తోందా? మిగతావాటికంటే ముదురు రంగులో, లేదా కాస్త లావుగా ఉన్న పోగు ఎక్కడైనా చొరబడిందా?

సమత రావాలంటే అల్లికకు ముందే, పోగులు ఎంచడంలోనే సగం పని జరగాలి. ఒకే లావు, ఒకే రంగు ఉన్న పోగులను వేరు చేసి పెట్టుకోవడానికి ఓపిక కావాలి. తర్వాత నెలల తరబడి వేళ్ల బిగువు మారకుండా చూసుకోవాలి. ఉదయం అల్లిన వరసకూ సాయంత్రం అల్లిన వరసకూ, ఒంట్లో బాగున్న రోజు పనికీ బాగోలేని రోజు పనికీ తేడా తెలియకూడదు. పిలేలో ప్రతి వరసలో అల్లికల సంఖ్య కచ్చితంగా ఉండాలన్న నియమం పాటిస్తారని యునెస్కో వివరణలో ఉంది. సన్నపని అంటే అక్కడివారి దృష్టిలో సన్నటి పోగొక్కటే కాదని ఆ నియమం తెలుపుతోంది.

ఈ వ్యాసం మొగ్గు ఇటువైపే. సమంగా అల్లిన 400 లెక్క టోపీ, వంకరలు పోయిన 900 లెక్క టోపీ కంటే మంచి టోపీ. వంకర ఉన్న చోట బిగువు చెదురుతుంది. బిగువు చెదిరిన చోట టోపీ ముందు వదులవుతుంది, తర్వాత చిరుగుతుంది. సన్నదనం అందాన్ని పెంచుతుంది, సమత ఆయుష్షును పెంచుతుంది. కానీ ఈ పక్షానికీ ఒక బలహీనత ఉంది. సమతను ఎలా చెప్పాలి? పదేళ్లు పనిచేసిన కన్ను చూసి ‘బాగుంది’ అంటుంది. ఆ కన్ను లేనివాడికి ఆ మాట నమ్మడం తప్ప దారి లేదు. నమ్మకం మీద నడిచే చోట మోసం కూడా నడుస్తుంది. అంకెల పక్షం పుట్టుకొచ్చింది సరిగ్గా ఈ ఖాళీలోనే.

అల్లిక పూర్తయ్యాక

అల్లేవారు టోపీని దింపేసరికి దాని అంచు చుట్టూ పోగులు గడ్డంలా వేలాడుతుంటాయి. అక్కడి నుంచి వేరే చేతులు అందుకుంటాయి. అంచు కొస దగ్గర పోగులను వెనక్కి తిప్పి అల్లికలోకే దోపి ముగించేవారు ఒకరు. ఒక్కో పోగునూ లాగి బిగించేవారు ఇంకొకరు. మిగిలిన కొసలు కత్తిరించి, టోపీని కడిగి, గంధకం పొగ పట్టి, చెక్క సుత్తితో కొట్టి మెత్తబరిచి, ఇస్త్రీ చేసేవారు వేరొకరు. చివరికి దుకాణంలో ఆవిరి పట్టి చెక్క అచ్చు మీద ఆకారం తెస్తారు.

అంచు కొసను వెనక్కి అల్లి ముగించారా, లేక కత్తిరించి మడిచి కుట్టేశారా అన్నది మొంటెక్రిస్టి పనిని గుర్తించడంలో ముఖ్యమైన గుర్తు. కత్తిరించి కుట్టిన అంచు ఉన్నంత మాత్రాన టోపీ చెడ్డదని కాదు. వెడల్పు తగ్గించమని కొన్నవారే అడిగి ఉండవచ్చు. అయితే మొంటెక్రిస్టి ధర చెప్పి కుట్టిన అంచు చూపితే ఎందుకని అడిగే హక్కు కొనేవారికి ఉంది.

టోపీలకు ఆకారం తెచ్చే నిపుణులది ఈ చర్చలో వేరే గొంతు. అల్లిక ఎంత గొప్పదైనా అచ్చు దగ్గర పాడైతే అంతా వృథా అంటారు వాళ్లు. వేడి, ఒత్తిడి ఎక్కువైతే పోగు పెళుసవుతుంది. అచ్చు పెద్దదై నెత్తిని అతిగా సాగదీస్తే అల్లిక పలచబడుతుంది. యంత్రపు ప్రెస్సు కింద వేగంగా ఆకారం దిద్దుకున్న టోపీకీ, చేత్తో నెమ్మదిగా దిద్దినదానికీ మధ్య తేడా ఏడాది వాడాక బయటపడుతుంది. గంజిలాంటి గట్టిపరిచే పూత మందంగా పూస్తే వదులు అల్లిక కూడా కొత్తలో బిగువుగా తోస్తుంది. వీళ్ల మాటలో నిజముంది. దీన్ని ఏ గ్రేడూ పట్టించుకోదు.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెల్లగా ఉంటే మేలురకమన్న అభిప్రాయం కొనేవారిలో బలంగా ఉంది. తెలుపు గంధకంతోనో, కొండ ప్రాంతపు కార్ఖానాల్లో హైడ్రోజన్ పెరాక్సైడుతోనో వస్తుంది. అతిగా వాడితే పోగు బలం తగ్గుతుంది. సహజమైన లేత గోధుమ రంగుకూ సన్నదనానికీ ఏ సంబంధం లేదు. చూడవలసింది రంగు ఏదని కాదు, టోపీ అంతటా ఒకేలా ఉందా అని.

టోపీని చుట్టి ఉంగరంలోంచి లాగడం, బోర్లించి నీళ్లు పోసి కారకపోతే మేలురకమనడం వంటి పరీక్షలు జనంలో ప్రచారంలో ఉన్నాయి. సన్నటి టోపీ చుట్టుకోగలదన్నది నిజం. కానీ చుట్టినప్పుడల్లా, ముఖ్యంగా పొడి వాతావరణంలో, మడత పడిన చోట పోగు చిట్లే అపాయం ఉంది. టోపీని పాడుచేసే పరీక్షను నాణ్యత పరీక్ష అనుకోవడం మానాలి.

ఊరి పేరు చాలా?

కొందరికి ఈ కొలతలన్నీ అనవసరం. మొంటెక్రిస్టిలో అల్లిందా లేదా అన్నదే వారి ప్రశ్న. మొంటెక్రిస్టి పేరుకు ఈక్వడార్‌లో మూలస్థాన నామంగా చట్టరక్షణ ఉంది. మన పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇది. 2012లో టోకియా టోపీ అల్లికను యునెస్కో మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రెండింటి పని వేరు. మొదటిది పేరును ఎవరు వాడుకోవచ్చో చెప్పే చట్టం. రెండోది ఒక సమాజపు విద్యకు దక్కిన గౌరవం. యునెస్కో ఏ టోపీకీ నాణ్యతా పత్రం ఇవ్వలేదు. ఆ పేరును చీటీ మీద వాడుకుని ధర పెంచడం అన్యాయం.

ఊరి పేరు మోసం నుంచి కొంత కాపాడుతుంది. కాగితపు పోగుతో చేసి ‘షాంటుంగ్ పనామా’ పేరుతో అమ్మే టోపీలకు టోకియాతో సంబంధమే లేదు. వాటి పోగులన్నీ యంత్రం నుంచి వచ్చినట్టు ఒకే తీరున ఉంటాయి. జడలా అల్లిన పట్టీని చుట్టూ తిప్పి మిషను మీద కుట్టినవి ఇంకొన్ని. నెత్తి మధ్యలో అల్లిక మొదలైన చోటు చూస్తే వీటిని పసిగట్టడం కష్టం కాదు. చేతి అల్లికలో అక్కడి నుంచి పోగులు నలుదిక్కులా విచ్చుకుంటాయి. కుట్టిన టోపీలో కుట్టు సుడి తిరుగుతూ పోతుంది.

ఊరి పేరుతో తేలనిది చాలా ఉంది. మొంటెక్రిస్టిలోనూ సాధారణమైన టోపీలు తయారవుతాయి. కుయెంకా పరిసరాల్లోనూ ఎంతో సన్నటి పని చేయగల చేతులున్నాయి. ఇదే మొక్కను ఇరాకా పేరుతో వాడి కొలంబియాలోని సాండోనా, అగ్వాడాస్ ఊళ్లలో తరతరాలుగా టోపీలు అల్లుతున్నారు. మెక్సికోలోని బెకాల్‌లో పోగు తేమ ఆరకుండా భూమి కింద తవ్విన గుహల్లో కూర్చుని అల్లుతారు. పెరూలోని సెలెండీన్‌లోనూ ఈ అల్లిక బతికే ఉంది. వీటిని నకిలీలనడం ఆ అల్లేవారిని అవమానించడమే. పనామా టోపీ అంటే ఈక్వడార్‌దేనన్న వాదన పేరుకు, చరిత్రకు సంబంధించినది. మంచి టోపీ ఏది అన్న ప్రశ్న దానితో కలిపేస్తే రెండూ చెడతాయి.

ఒకే టోపీ, వేరు వేరు తీర్పులు

ఈ పక్షాల మధ్య తేడా స్పష్టం కావడానికి ఒక టోపీని ఊహిద్దాం. మొంటెక్రిస్టిలో అల్లినది. అంచులో అంగుళానికి 32, 28 చొప్పున లెక్క వస్తుంది. నెత్తి దగ్గర 30, 26. వరసలు తిన్నగా ఉన్నాయి, అంచులో ముదురు పోగులు రెండు కనబడుతున్నాయి. కొస వెనక్కి అల్లి ముగించారు. దుకాణంలో ఆకారం దిద్దినప్పుడు గోడ కొంచెం సాగింది.

వలయాలు లెక్కపెట్టేవాడు నెత్తి చూసి ఒక మధ్యస్థమైన గ్రేడు వేస్తాడు. అంచు ఇంకా సన్నగా ఉందన్న సంగతి అతని లెక్కలోకి రాదు. అల్లికలు లెక్కపెట్టేవాడు అంచులో కొలిస్తే 896 అంటాడు, నెత్తిలో కొలిస్తే 780 అంటాడు. రెండూ నిజమే, ధర మాత్రం మొదటి అంకె మీద కట్టే అవకాశం ఎక్కువ. సమత చూసేవాడు ముదురు పోగుల దగ్గర ఒక్క క్షణం ఆగి, వరసలు చూసి సంతృప్తి పడతాడు. ఆకారం దిద్దే నిపుణుడు సాగిన గోడను వేలితో తడిమి, నెత్తిమీద నొక్కు పడే చోట ఇది ముందుగా చిట్లుతుందని హెచ్చరిస్తాడు. ఊరి పేరు చూసేవాడు కొస చూసి సరేనంటాడు.

వీరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. టోపీ గురించి పూర్తిగా చెప్పినవాడూ లేడు. కాబట్టి అమ్మేవారు నిజాయితీగా ఇవ్వగలిగిన వివరం ఒక్క అంకెలో ఇమడదు. అల్లిక రకం ఏది, ఏయే చోట్ల కొలిచారు, అడ్డానికీ నిలువుకూ విడివిడిగా ఎంత వచ్చింది, కొస ఎలా ముగించారు, ఆకారం చేత్తో దిద్దారా ప్రెస్సు మీదా, అల్లింది ఎవరు. ఈ ఆరూ చెబితే గ్రేడు అక్కర్లేదు. ఇవేవీ చెప్పకుండా గ్రేడు చెబితే ప్రయోజనం లేదు.

ఇంకా తేలనివి

మొదటిది కొలత సంగతి. పక్కన స్కేలు పెట్టి దగ్గరగా తీసిన ఫొటో ఉంటే అల్లికలు ఎవరైనా తీరిగ్గా లెక్కించుకోవచ్చు. సమతను కూడా అలాంటి ఫొటోల నుంచి అంకెల్లో చెప్పడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. గడికీ గడికీ మధ్య తేడా ఎంతో కొలిస్తే చాలు. కానీ ఎన్ని చోట్ల, ఏ చోట్ల అన్న నియమం మీద ఒప్పందం కుదరనిదే ఇదీ ఇంకో వ్యాపార నినాదంగా మారిపోతుంది.

రెండోది, సన్నదనానికి హద్దు ఎక్కడన్నది. పెట్టుకునేవారికి ఒక స్థాయి దాటాక తేడా తలమీద తెలియదు. మరీ సన్నటి టోపీలు ఎక్కువగా భద్రంగా దాచుకునే వస్తువులవుతున్నాయి. ఇది కళకు మేలా కీడా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. గొప్ప ధర పలికే ఒక్క టోపీ పిలేలాంటి ఊరికి పేరు తెస్తుంది. అయితే ఊరు బతకడానికి మధ్యస్థమైన టోపీలకు మంచి ధర దొరకాలి. అంకెల పోటీ అంతా శిఖరం చుట్టూ తిరిగితే ఆ మధ్య తరగతి టోపీల మీద ఎవరి చూపూ నిలవదు.

మూడోది అన్నిటికంటే బరువైనది: తీర్పు చెప్పేదెవరు? ఇప్పటిదాకా గ్రేడు వేసింది కొనేవారే. అల్లినవారు టోపీ తెచ్చి చేతిలో పెడితే, దళారి వెలుతురుకు ఎత్తి చూసి, క్షణంలో గ్రేడు చెప్పి ధర కడతాడు. నెలల పని విలువ ఆ క్షణంలో తేలిపోతుంది. దాన్ని ప్రశ్నించడానికి అల్లినవారి దగ్గర ఆధారం ఉండదు. ఎవరైనా సరిచూసుకోగల అల్లికల లెక్క వల్ల అసలు మేలు ఇక్కడే జరగాలి. అదే భూతద్దం అల్లేవారి చేతిలోనూ ఉంటే బేరం తీరు మారుతుంది. ఇప్పటివరకు ఆ లెక్క ఎక్కువగా సంపన్న దేశాల్లో టోపీ కొనేవారి కోసమే వాడుకలో ఉంది.

నెలల తరబడి ఒకే టోపీ మీద పనిచేసేవారికి మధ్యలో ఇల్లు గడవాలి. చదువుకున్న పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లడానికి ఇదొక పెద్ద కారణం. పోగు సన్నదనాన్ని అల్లిక మొదట్లోనే కొలవవచ్చు కాబట్టి, దాన్ని బట్టి ధర కుదుర్చుకుని బయానా ఇవ్వడం న్యాయమైన దారిగా కనిపిస్తుంది. చిక్కల్లా సమత దగ్గర వస్తుంది. అది టోపీ పూర్తయితే గానీ తెలియదు. బయానా పోగును బట్టీ, మిగతా సొమ్ము సమతను బట్టీ ఇచ్చేలా ధరను రెండుగా విడగొట్టవచ్చు. అలా విడగొడితే ఆ రెండో తీర్పును కొనేవారు ఒక్కరే చెప్పాలా, అల్లినవారి తరఫున ఆ ఊరి అనుభవజ్ఞులు కూడా పక్కన కూర్చోవాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి.